హైదరాలీయు అగ్నిబాణములును

చిత్తూరు పట్టణమునకు అనతిదూరమున నరసింగరాయనిపేట యను పల్లె కలదు. 1782వ సంవత్సరము డిసెంబరు 7వ తేదీన ఆ పల్లె చెంత దిగియున్న దండులో హైదరాలీ కన్నుమూసెను. వీపున లేచిన రాచపుండు అతనిని బలిగొనెను. ఇంగ్లీషు కుంఫిణీవారికి నిద్రపట్టనీయని వాడు మన జిల్లా మట్టిమీదనే ప్రాణము విడిచెనను సంగతి మనలో పెక్కురు ఎరుగరు. అతని పేరు విన్నంతనే గుర్రపుదండులును, దోపిడియు, తగులబడిన పల్లెలును తలపునకు వచ్చును. అది అసత్యము కాదు. కాని అతని బలమునకు మూలము వేరొకటి యుండెను. ఓనమాలు దిద్దని ఆ మనుష్యుడు ఆయుధముల విషయమున ఆనాటి స్వదేశ ప్రభువులలో పెక్కురకు తోచని ఆలోచన చేసెను.

అతడు 1720 ప్రాంతమున, మన కుప్పము సీమకు ఆవలనున్న కోలారు ప్రాంతములోని బూదికోటలో జన్మించెను. తండ్రి ఫతే మహమ్మదు తొలుత ఆర్కాటు నవాబు కొలువులో ఏబదిమంది బాణదారులకు నాయకుడుగా నుండెను. ఆ బాణము విలుకాని బాణము కాదు. మన ఉత్సవములలో కాల్చు తారాజువ్వ వంటిది. వెదురు గొట్టములో మందు కూరి, ముఖ్యముగా సంకేతము తెలుపుటకు దానిని వాడెడివారు. కుమారుడు పుట్టినది మొదలు ఆ మందువాసనలోనే పెరిగెననవచ్చును.

తండ్రి యుద్ధమున కూలిన పిమ్మట ఆ కుటుంబమునకు దుర్దినములు దాపురించెను. సొమ్ముకొరకై పసివారగు హైదరును, అతని అన్న షాబాజును నగారాలో బంధించి, పైన తోలు బిగించి హింసించిరని చరిత్రకారులు వ్రాసియున్నారు. చదువు చెప్పించువారు లేకపోయిరి. పెద్దవాడై రాజ్యమేలునప్పుడు కూడ అతడు తన పేరులోని మొదటి అక్షరమొక్కటి మాత్రము, అదియు తలక్రిందులుగా, గీయుట నేర్చెను. అయినను తెలుగు, కన్నడము మున్నగు అయిదు భాషలు మాటలాడెడివాడు. చదివి వినిపించిన లెక్కలను మనసులోనే కూడి తప్పు పట్టెడివాడు. అట్టి యజమాని యెదుట కవిలె విప్పుట లేఖకునకు సుఖమైన పని కాదు.

1749లో దేవనహళ్ళి ముట్టడియందు అతని ధైర్యమును చూచి మైసూరు మంత్రి నంజరాజు ఏబది గుర్రములకును, రెండువందల కాల్బలమునకును అతనిని నాయకుని చేసెను. మరుసటి యేడు డిసెంబరులో సెంజి సమీపమున నాసిర్‌జంగు హత్య జరిగినప్పుడు దండంతయు కలవరపడెను. ఆ కల్లోలములో హైదరు బంట్లగు బోయలు బంగారు నాణెములు మోయుచున్న రెండు ఒంటెలను మరలించుకొని వచ్చిరి. ఆ బంగారమును గూర్చి అందరును చెప్పుకొందురు. దానితోపాటు అతడు సుమారు 500 తుపాకులను, 300 గుర్రములను కూడ గైకొనెను. అతని భాగ్యమునకు పునాది ఒంటెలకంటె తుపాకులే యనుట న్యాయము. 1755లో దిండిగల్లు ఫౌజుదారుడై, ఫ్రెంచి పనివాండ్రను రప్పించి అచట ఆయుధశాల నెలకొల్పెను. సిపాయిల చేతికి బాయొనెట్టు తగిలించిన తుపాకులనిచ్చి కవాతు నేర్పిన స్వదేశ నాయకులలో అతనినే ప్రథమునిగా ఎంచుదురు. 1761 నాటికి మైసూరు అధికారమంతయు అతని హస్తగతమయ్యెను. రాజు సింహాసనముపై మిగిలెను, అంతే.

ఇచట ఆనాటి తుపాకిని గూర్చి కొంచెము చెప్పవలసియున్నది. సిపాయి తుపాకి గొట్టము లోపల నున్నగా నుండెడిది. గుండు గొట్టముకంటె కొంచెము చిన్నది. అటునిటు తగులుచు బయటపడును. కావున నూరు గజములు దాటినచో అది ఎవరికి తగులునో దైవమునకే ఎరుక. దూరము కొట్టవలెనన్న ఫిరంగి కావలెను. ఫిరంగికి విస్తారమైన లోహము, పోతపోయగల నిపుణుడు, లాగుటకు జతల కొలది ఎద్దులు, బండి నడుచు బాట అవసరము. మన కనుమలలో బాట ఎక్కడిది?

ఈ చిక్కునకు తండ్రి విడిచిపోయిన తారాజువ్వయే విరుగుడయ్యెను. వెదురు గొట్టమునందును, కాగితపు గొట్టమునందును మందు గట్టిగా కూరినచో పగులును. మైసూరువారు దానికి మారుగా ఇనుప గొట్టమును చేసిరి. జానెడు పొడవు, ఒకటిన్నర మొదలు మూడంగుళముల లావు. దానికి నాలుగడుగుల వెదురు బద్దను, ఒక్కొక్కప్పుడు కత్తి అలుగును కట్టిరి. ఇనుము పగులదు, లోపలి ఆవిరి వెనుక రంధ్రముననే వెడలవలెను, అందుచే వేగము హెచ్చును. అది వేయి గజములకు పైబడి పోవును. కొన్ని మైలు దాటెడివి. కావలసినవి కమ్మరి కొలిమిలోని ఇనుము, పెట్లుప్పు, గంధకము, బొగ్గు, వెదురు మాత్రమే. ఒక బంటు పెక్కింటిని మోసికొని గుట్ట ఎక్కగలడు. గురి యందు మాత్రము దోషముండెను. ఒంటరి బాణము గాలికి ప్రక్కకు తిరుగును. కనుక గొట్టపు లావును, శత్రువు దూరమును బట్టి ఎంత వాలున నిలుపవలెనో బాణదారులకు నేర్పి, పెక్కింటిని ఒక్కసారి వదలించెడివారు. హైదరు కాలమున అట్టి బాణదారులు సుమారు 1200 మంది యుండిరి.

1780 జూలైలో అతడు ఎనుబది వేలకు తక్కువకాని సేనతో చెంగము కనుమ దిగెను. సెప్టెంబరు 10వ తేదీన కంచి సమీపమున పొల్లిలూరులో కర్నల్ బెయిలీ దళమును చుట్టుముట్టెను. ఆ దళము నాలుగు వేలకు లోపల. అగ్నిబాణము వలననో, ఫిరంగి గుండు వలననో ఇంగ్లీషువారి మందుబండ్లు అంటుకొని పేలిపోయెను. దళము నాశమయ్యెను, బెయిలీ చెరపడెను. మన్రో కొలది కోసుల దూరముననే యుండియు సాయపడలేకపోయెను.

ఆ విజయమునకు వెల చెల్లించినది ఎవరు? శత్రువునకు గింజ దొరకరాదని హైదరు ఆర్కాటు సీమ పల్లెలను తగులబెట్టించెను, పశువులను తోలించెను. భూములు బీడువడెను, జనులు వలసపోయిరి. ఏ బాణమును దున్నువానిని కాపాడలేదు. అతని ప్రజ్ఞను మెచ్చువారు ఈ అపరాధమును దాచరాదు.

1781లో కూటు సేనాని పోర్టోనోవో యందును, షోళింగరు నందును అతనిని ఓడించెను. అయినను అతడు లొంగలేదు. 1782లో చంద్రగిరి కోట అతని వశమయ్యెను. ఆ యేటి చివరనే నరసింగరాయనిపేట దండులో మృత్యువు ఎదురుపడెను. టిప్పు అప్పుడు మలబారులో నుండెను. వార్త పొక్కిన దండు చెదరునని పూర్ణయ్య, కృష్ణారావు మున్నగు మంత్రులు శవమును పెట్టెలో నుంచి, ధనము పంపుచున్నట్లు నటించి కోలారునకు సాగించిరి. అక్కడ తండ్రి సమాధి చెంత నుంచి, పిదప శ్రీరంగపట్టణమునకు చేర్చిరి. టిప్పు వచ్చువరకు దండు చెదరలేదు.

1799లో శ్రీరంగపట్టణము పడినపిమ్మట ఇంగ్లీషువారు ఆ బాణములను కొన్నింటిని తమ దేశమునకు గొనిపోయిరి. కాంగ్రీవు అనునతడు వానిని పరీక్షించి తనవిగా క్రొత్తవి చేయించెను. 1807లో కోపెన్‌హేగను నగరముపై కురిసినవి అవియే. ఇక హైదరు 1763లో జయించి తన పేరు పెట్టుకొనిన బిదనూరు, నేటి నగర గ్రామము, షిమోగా జిల్లాలో నున్నది. 2018లో అచట ఒక పాడుబావిని త్రవ్వగా మట్టి మందువాసన కొట్టెను. అందుండి తుప్పుపట్టిన ఇనుప గొట్టములు వేయికి పైగా వెలువడెను. వానిలో మందు ఇంకను నిండియే యుండెను.