ఆంద్రేయ్ యెర్షోవ్ - జీవితం, శాస్త్రకృషి

విజ్ఞానశాస్త్ర చరిత్రలో కొందరి కృషి ఆనకట్టవలె, వంతెనవలె అందరి కంటికీ కనిపిస్తుంది. మరికొందరి కృషి గోడలోపలి పునాదిరాయి వంటిది. దాని మీద నిలబడినవారికే దాని సంగతి తెలియదు. కంప్యూటర్‌ను నిత్యం వాడే లక్షలాది విద్యార్థులలో ఆంద్రేయ్ పెత్రోవిచ్ యెర్షోవ్ పేరు విన్నవారు బహు కొద్దిమంది. అయినా మనం వ్రాసే ప్రతి ప్రోగ్రామ్ వెనుక ఆయన ఆలోచన నేటికీ పనిచేస్తూనే ఉన్నది. ఉన్న కొద్దిపాటి వనరులతో అధిక ప్రయోజనం సాధించడం ఎట్లా అన్న ప్రశ్నకు గణితం ద్వారా సమాధానం వెదకిన మహనీయుడాయన.

యెర్షోవ్ 1931 ఏప్రిల్ 19వ తేదీన మాస్కో నగరంలో జన్మించారు. ఆయన బాల్యంలో కొంత భాగం రెండవ ప్రపంచ యుద్ధపు నీడలో గడిచింది. జర్మన్ సైన్యాలు ఆక్రమించిన ప్రాంతంలో ఆ కుటుంబం కొంతకాలం చిక్కుకొని ఉండవలసి వచ్చింది. తరువాత వారు సైబీరియాలోని కెమెరొవొ పట్టణం చేరుకున్నారు. అక్కడ పాఠశాల విద్య ముగించి, 1949లో ఆయన మాస్కో విశ్వవిద్యాలయంలో ప్రవేశించారు. భౌతికశాస్త్రవేత్త కావాలన్నది ఆ యువకుని ఆకాంక్ష. కాని శత్రువుల ఆక్రమణలో ఉన్న ప్రాంతంలో నివసించిన వారికి ఆ రోజులలో అణుభౌతిక శాస్త్రం వంటి రంగాలలో తలుపులు మూసి ఉండేవి. తన ప్రమేయం లేని కారణానికి ఒక దారి మూసుకొనిపోగా, ఆయన గణితశాఖలో చేరారు. అక్కడ అలెక్సేయ్ ల్యపునోవ్ అనే ఆచార్యుడు అప్పుడే పుట్టిన ప్రోగ్రామింగ్ విద్యను బోధిస్తున్నారు. ఆ గురువు సాన్నిధ్యమే యెర్షోవ్ జీవితాన్ని మలుపు త్రిప్పింది. 1954లో ఆయన పట్టభద్రులైనారు.

ఆ కాలపు కంప్యూటర్ల స్థితిని కొంచెం ఊహించుకోవాలి. యంత్రానికి పని చెప్పవలసిన మనిషి ప్రతి చిన్న ఆజ్ఞనూ అంకెల రూపంలో తానే వ్రాయవలసి ఉండేది. ఏ సంఖ్య ఏ అరలో ఉన్నదో తానే గుర్తుంచుకోవలసి వచ్చేది. మనిషికి సులువైన గణిత భాషలో సూత్రం వ్రాస్తే, దానిని యంత్రమే తన ఆజ్ఞలుగా మార్చుకొనగలిగితే ఎంత బాగుండును! ఆ మార్పిడి చేసే ప్రోగ్రామ్‌నే నేడు కంపైలర్ అంటున్నాము. సోవియట్ యూనియన్ తొలి కంప్యూటర్లలో ఒకటైన బెస్మ్ యంత్రానికి యెర్షోవ్ తన సహచరులతో కలిసి అటువంటి ప్రోగ్రామ్‌ను నిర్మించారు. దానిని వివరిస్తూ ఆయన వ్రాసిన గ్రంథం 1958లో వెలువడింది. మరుసటి సంవత్సరమే అది ఆంగ్లంలోకి అనువాదమైనది. ఈ విషయం మీద ప్రపంచంలో వెలువడిన తొలి గ్రంథాలలో అది ఒకటి. మన వరంగల్‌లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలకు 1959 అక్టోబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన సంవత్సరమూ అదే. నేటి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ఆ కళాశాలయే. అక్కడ ఇప్పుడు కంపైలర్ పాఠం చదివే విద్యార్థి, తన కళాశాలతో సమవయస్సు గల విద్యను చదువుతున్నాడన్న మాట.

యెర్షోవ్ 1958లో ప్రకటించిన ఒక చిన్న వ్యాసం అంకగణిత సూత్రాల లెక్కింపును గురించినది. విషయం వినడానికి స్వల్పమే. క, గ అనే రెండు సంఖ్యలను కూడి, ఆ మొత్తాన్ని చ, జ అనే సంఖ్యల మొత్తంతో గుణించాలనుకుందాము. మొదట క, గ లను తెచ్చి ఉంచడానికి రెండు అరలు కావాలి. కూడిక కాగానే ఒక అర ఖాళీ అవుతుంది, రెండవదానిలో ఫలితం నిలుస్తుంది. దానిని కాపాడుకుంటూ చ, జ లను తేవాలంటే మరి రెండు అరలు కావాలి. వెరసి మూడు అరలు లేనిదే పని జరగదు. అదే క, గ, చ, జ లను వరుసగా ఒకదాని వెంట ఒకటి కూడుకుంటూ పోతే రెండు అరలే చాలును. ఇక క అనే సంఖ్యకు చ, జ ల లబ్ధాన్ని కలపాలంటే, ముందుగా క ను తెచ్చి ఊరక కూర్చోబెట్టినచో మూడు అరలు పట్టును. ముందు లబ్ధం కట్టి, ఆ తరువాత క ను పిలిచినచో రెండే చాలును. బరువైన పనిని ముందు ముగించి తేలికైన దానిని వెనుక చేయడమే ఇందులోని మర్మం.

ఏ సూత్రానికి కనీసం ఎన్ని అరలు కావాలో చెప్పే నియమం కూడా ఈ వివేచన నుండియే లభిస్తుంది. ఒంటరి సంఖ్యకు విలువ ఒకటి. రెండు భాగాల విలువలు సమానమైతే వాటి కలయికకు ఒకటి పెరుగుతుంది. అసమానమైతే పెద్దదే నిలుస్తుంది. ఈ విలువకు నేటి పాఠ్యగ్రంథాలలో యెర్షోవ్ సంఖ్య అని పేరు. విచిత్రమేమనగా భూగోళ శాస్త్రజ్ఞులు నదుల తరగతులను నిర్ణయించే లెక్క కూడా అచ్చంగా ఇదే. అమెరికా దేశీయుడు స్ట్రాలర్ 1952లో చెప్పిన పద్ధతిలో, రెండు చిన్న వాగులు కలిస్తే రెండవ తరగతి వాగు పుడుతుంది. దానిలో మరొక చిన్న వాగు కలిసినంత మాత్రాన తరగతి పెరగదు. మరొక రెండవ తరగతి వాగు వచ్చి కలిసినప్పుడే మూడవ తరగతి ఏర్పడుతుంది. మన జిల్లాలలో వానాకాలంలో వాగులు ఒకదానిలో ఒకటి కలిసి గోదావరి వైపు సాగడం చూచినవారికి ఈ లెక్క కొత్తది కాదు.

సైబీరియాలోని నొవొసిబీర్స్క్ చెంత అడవి మధ్య ఒక విజ్ఞాన నగరాన్ని నిర్మించే కార్యక్రమం 1957లో మొదలైనది. దానికి అకాదెమ్‌గొరొదొక్ అని పేరు. గణితవేత్త సోబొలెవ్ పిలుపుపై యెర్షోవ్ రాజధానిని వదలి అక్కడికి తరలివెళ్ళారు. తన శేషజీవితమంతా ఆ నగరానికే అంకితం చేశారు. అక్కడ ఆయన నాయకత్వంలో ఆల్ఫా అనే భాష, దాని కంపైలర్ రూపొందినవి. ఆ కంపైలర్ పనిచేయవలసిన ఎం-20 యంత్రపు స్మృతిలో ఉన్నవి 4096 అరలు మాత్రమే. యంత్రం చేసిన అనువాదం నిపుణుడు చేతితో వ్రాసినదానికి తీసిపోకూడదు. అప్పుడే ఇంజనీర్లు దానిని నమ్ముతారు. కనుక ప్రతి అరనూ పొదుపుగా వాడుకోవడం తప్పనిసరి అయినది.

ఆ పొదుపుకు యెర్షోవ్ కనుగొన్న మార్గం కడు రమ్యమైనది. ఒక కళాశాలలో గదులు తక్కువ, తరగతులు ఎక్కువ అనుకుందాము. ఒకే వేళ జరిగే రెండు తరగతులకు ఒకే గది ఇవ్వరాదు. వేర్వేరు వేళలలో జరిగే వాటికి ఒకే గది ఇవ్వవచ్చును. ప్రతి తరగతికీ కాగితంపై ఒక చుక్క పెట్టి, వేళలు ఢీకొనే వాటి మధ్య గీత గీయాలి. గీత కలిపిన రెండు చుక్కలకు ఒకే రంగు రాకుండా రంగులు వేయాలి. ఎన్ని రంగులు పడితే అన్ని గదులు చాలును. ప్రోగ్రామ్‌లోని ప్రతి విలువకూ అట్లే ఒక ఆయుష్షు ఉన్నది. అది పుట్టిన క్షణం నుండి చివరిసారి ఉపయోగపడే క్షణం వరకే దానికి అర అవసరం. ఆయుష్షులు ఢీకొనని విలువలు ఒకే అరను వంతులవారీగా పంచుకొనగలవు. ఈ విధంగా స్మృతి కేటాయింపు సమస్యను చుక్కలకు రంగులు వేసే సమస్యగా మార్చవచ్చునని ఆయన 1962లో నిరూపించారు. అంతకు ఒక సంవత్సరం ముందు లవ్రోవ్ అనే మరొక సోవియట్ శాస్త్రజ్ఞుడు కూడా స్మృతి పొదుపు విషయమై విలువైన కృషి చేశారు. ఆల్ఫా కంపైలర్ 1964లో పూర్తి అయినది.

యెర్షోవ్ ఆదా చేసినవి స్మృతిలోని అరలు. తరువాతి యంత్రాలలో ఆ గణితమంతా రిజిస్టర్లకు వర్తించింది. లెక్క జరిగే చోటనే, ప్రాసెసర్ లోపల ఉండే అతివేగమైన అరలే రిజిస్టర్లు. అవి ఎప్పుడూ కొద్దియే. 1978లో వచ్చిన ఇంటెల్ 8086లో సాధారణ రిజిస్టర్లు 8 మాత్రమే. నేటి సెల్‌ఫోన్లలోని 64 బిట్ల ఆర్మ్ ప్రాసెసర్లలో సైతం 31 మాత్రమే. ప్రోగ్రామ్‌లోని విలువలు వందలు, వేలు. ఎవరికి చోటు ఇవ్వాలి, ఎవరిని బయటి స్మృతికి పంపాలి అన్న నిర్ణయం పైననే వేగం ఆధారపడి ఉంటుంది.

ఈ రంగంలో తరువాత జరిగిన అభివృద్ధిలో భారతీయుల పాత్ర కూడా గణనీయమైనదని సగర్వంగా చెప్పుకోవచ్చును. కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివిన రవి సేథీ 1970లో ఉల్‌మన్‌తో కలిసి అంకగణిత సూత్రాలకు అత్యుత్తమ ఆజ్ఞలను రూపొందించే పద్ధతిని ప్రకటించారు. ఐ.బి.ఎం. సంస్థలో గ్రెగరీ చైటిన్ బృందం రంగుల పద్ధతిని రిజిస్టర్లకు అన్వయించి 1981లో వెలువరించిన వ్యాసానికి అశోక్ చంద్ర సహరచయిత. వారి ఉపాయాన్ని గదుల ఉదాహరణతోనే చెప్పవచ్చును. ఉన్న గదుల సంఖ్య కంటె తక్కువ తరగతులతో ఢీకొనే తరగతిని తాత్కాలికంగా ప్రక్కన పెట్టాలి. మిగతా వాటికి ఎట్లా పంచినా దానికొక గది తప్పక మిగులుతుంది. ఇట్లా ఒక్కొక్కటే తీసివేస్తూ పోయి, ఎక్కడా వీలు కానప్పుడు తక్కువగా వాడే విలువను బయటి స్మృతికి పంపాలి. 1989లో బ్రిగ్స్ బృందం దీనిని సవరించింది. కష్టమనిపించిన దానిని వెంటనే వెళ్ళగొట్టక, ఆశతో ప్రక్కన ఉంచి చివర మరల ప్రయత్నించాలని వారు సూచించారు. దాని పొరుగువారిలో ఇద్దరికి ఒకే రంగు పడితే, దానికీ చోటు దొరకవచ్చును గదా! తొందరపడి ఎవరినీ అనర్హులుగా తేల్చరాదన్న నీతి ఇందులోనూ ఉన్నది.

యెర్షోవ్ కేవలం యంత్ర నిపుణుడు కాడు. ఆంగ్ల కవుల రచనలను రష్యన్ భాషలోకి అనువదించారు, స్వయంగా కవితలు వ్రాశారు. ప్రపంచం రెండు శిబిరాలుగా చీలి ఉన్న కాలంలో, ఇరువైపుల శాస్త్రజ్ఞుల మధ్య వారధిగా నిలిచారు. అమెరికా శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్‌తో కలిసి 1979 సెప్టెంబరులో ఆయన నిర్వహించిన సదస్సు చిరస్మరణీయమైనది. దానికి ఎన్నుకున్న చోటు ఉజ్బెకిస్తాన్‌లోని ఉర్గెంచ్ పట్టణం. అది ప్రాచీన ఖ్వారిజ్మ్ సీమలోనిది. తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాద్ నగరపు బైతుల్ హిక్మాలో విద్వాంసుడుగా వెలుగొందిన అల్ ఖ్వారిజ్మీ పేరు ఆ సీమను బట్టి వచ్చినదే. ఆయన పేరు నుండి అల్గారిథమ్ అన్న మాట, ఆయన గ్రంథ నామంలోని అల్ జబ్ర్ నుండి అల్‌జీబ్రా అన్న మాట పుట్టినవి. తూర్పు పడమరల గణితజ్ఞులు తమ విద్యకు మూలపురుషుని జన్మసీమలో సమావేశం కావడం వెనుక యెర్షోవ్ సంకల్పబలమున్నది.

ఆయన జీవితపు చివరి దశ విద్యార్థులకే అంకితమైనది. అక్షరాస్యత ఎట్లా కొందరి సొత్తుగా ఉండి అందరి హక్కుగా మారినదో, ప్రోగ్రామింగ్ కూడా అట్లే అందరికీ రెండవ అక్షరాస్యత కావాలని 1981లో లొసాన్ నగరంలో జరిగిన ప్రపంచ సదస్సులో ఆయన ప్రతిపాదించారు. 1985 సెప్టెంబరు 1 నుండి సోవియట్ మాధ్యమిక పాఠశాలలన్నింటిలో ఈ విద్య తప్పనిసరి పాఠ్యాంశమైనది. దాని తొలి పాఠ్యపుస్తకానికి సంపాదకులలో ఆయన ప్రముఖులు. కాని అప్పటికి అత్యధిక పాఠశాలలలో కంప్యూటర్లు లేనేలేవు. యంత్రం లేకుండా ఈ చదువేమిటని ఆక్షేపించినవారు ఉన్నారు. ఆ ఆక్షేపణలో నిజం లేకపోలేదు. అయితే యంత్రాలు వచ్చేవరకు ఒక తరం పిల్లలను వేచి ఉండమనడం యెర్షోవ్‌కు సమ్మతం కాలేదు. పనిని క్రమపద్ధతిలో విడగొట్టి ఆలోచించడం కాగితం, పెన్సిలుతోనైనా నేర్పవచ్చునని ఆయన విశ్వసించారు. పిల్లలు ఆ విధంగానే నేర్చుకున్నారు.

1984లో సోవియట్ విజ్ఞాన అకాడమీ పూర్తి సభ్యత్వం ఆయనను వరించింది. నాలుగేండ్లకే, 1988 డిసెంబరు 8న, యాభై ఏడేండ్ల వయస్సులో ఆయన పరమపదించారు. అకాదెమ్‌గొరొదొక్‌లోని ఇన్ఫర్మాటిక్స్ పరిశోధన సంస్థ నేడు ఆయన పేరుతోనే నడుస్తున్నది.

విద్యార్థి మిత్రులారా! గదులు చాలని కళాశాలలు, పుస్తకాలు చాలని గ్రంథాలయాలు, యంత్రాలు చాలని ప్రయోగశాలలు మనకు కొత్త కాదు. లేమిని తలచి కుమిలిపోవడం సులభం. ఉన్నదానిని ఎవరికి ఎప్పుడు ఎంతవరకు అవసరమో లెక్కించి, పని తీరినవారు చోటు వదలి రానున్నవారికి ఇచ్చే క్రమాన్ని ఏర్పరచుకోవడం కష్టం. ఒక తలుపు మూసుకొనిపోయినందుకు నిరాశ చెందని ఒక యువకుడు, ఆ కష్టమైన పనినే గణితంగా మార్చి లోకానికి ఇచ్చాడు. రిజిస్టర్ల కొరత కంప్యూటర్‌కు ఎప్పుడూ ఉంటుంది. వనరుల కొరత మనకూ ఉంటుంది. ఆ కొరతలోనే మంచి క్రమాన్ని కనుగొనే బుద్ధిబలాన్ని అలవరచుకోవడమే యెర్షోవ్ మహాశయునికి మనం అర్పించగల నిజమైన నివాళి.