సుబ్బరామయ్య మీనాక్షిసుందరం

సుబ్బరామయ్య మీనాక్షిసుందరం (అక్టోబర్ 12, 1913 - ఆగష్టు 13, 1968) ప్రముఖ భారతీయ గణిత శాస్త్రవేత్త. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చాలాకాలం పనిచేశాడు. స్వీడన్ గణితవేత్త ఓకె ప్లేయెల్‌తో కలసి 1949లో ప్రకటించిన పరిశోధన వ్యాసం ఈయనకు అంతర్జాతీయ ఖ్యాతి తెచ్చింది. అయితే ఆ ఖ్యాతిలో అధికభాగం మరణానంతరం లభించినదే.

జీవితం

మీనాక్షిసుందరం కేరళలోని త్రిచూరులో జన్మించాడు. మద్రాసు లయోలా కళాశాలలో చదువుకొని, కె.ఆనందరావు వద్ద అనంత శ్రేణుల సంకలనీయతపై పరిశోధన ప్రారంభించాడు. 1940లో మద్రాసు విశ్వవిద్యాలయం నుండి డి.ఎస్సీ. పట్టా పొందాడు. ఆనాడు అంతటి పట్టా కూడా ఉద్యోగానికి హామీ కాదు. కొంతకాలం పరీక్షలకు వెళ్ళే విద్యార్థులకు పాఠాలు చెప్పి జీవనం సాగించవలసి వచ్చింది. లయోలాలో గణితం బోధించిన ఫ్రెంచి మతాచార్యుడు ఫాదర్ రసీన్ ఈయనను ఆదుకున్నాడు. పిమ్మట ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉపన్యాసకుడుగా చేరి, అక్కడే ఆచార్యుడయ్యాడు. అమెరికా గణితవేత్త మార్షల్ స్టోన్ ప్రోత్సాహంతో 1946-48 మధ్య ప్రిన్స్‌టన్‌లోని ఉన్నత అధ్యయన సంస్థలో గడిపాడు. 1958లో ఎడింబరోలో జరిగిన అంతర్జాతీయ గణిత మహాసభలో ఆహ్వానిత ఉపన్యాసం చేశాడు. జీవిత చరమదశలో సిమ్లాలోని ఉన్నత అధ్యయన సంస్థకు వెళ్ళాడు. 54వ ఏట మరణించాడు.

పరిశోధన

ఒక డప్పు చర్మం ఏయే స్వరాలు పలుకగలదో లాప్లాస్ పరికర్త ఐగెన్ విలువలు తెలుపుతాయి. పెద్ద ఐగెన్ విలువల సంఖ్యను బట్టి చర్మం వైశాల్యం తెలుస్తుందని హెర్మాన్ వైల్ 1911లో నిరూపించాడు. మీనాక్షిసుందరం, ప్లేయెల్ ఇంకా ముందుకు వెళ్ళారు. వంపు తిరిగిన తలాలకు, వాటికన్న ఎక్కువ పరిమాణాలు గల రీమాన్ అవకాశాలకు సంబంధించిన ఐగెన్ విలువలన్నిటినీ ఒక జీటా ప్రమేయంలో ఇమిడ్చారు. ఉష్ణ సమీకరణం ద్వారా ఆ ప్రమేయాన్ని విస్తరించి, దాని గుణకాలలో ఆ అవకాశపు వక్రత దాగి ఉన్నదని చూపారు. కెనడా గణిత పత్రిక మొట్టమొదటి సంపుటంలో వెలువడిన ఈ వ్యాసం పదిహేను పుటలు మాత్రమే.

ప్రభావం

1966లో మార్క్ కాట్స్ డప్పు శబ్దం విని దాని ఆకారం చెప్పగలమా అన్న ప్రశ్నను ప్రచారంలోకి తెచ్చాడు. మరుసటి ఏడు మెక్‌కీన్, సింగర్ ఉష్ణ గుణకాలను, వక్రతను గురించి రాసిన వ్యాసం ఈ మార్గంలోనిదే. 1973లో అతియా, బాట్, మన దేశానికి చెందిన పటోడి ఉష్ణ సమీకరణంతోనే సూచిక సిద్ధాంతాన్ని నిరూపించారు. 1977లో స్టీఫెన్ హాకింగ్ వక్ర స్థలకాలంలో క్వాంటమ్ గణనలకు జీటా ప్రమేయాన్ని వాడుకున్నాడు. భౌతిక శాస్త్రవేత్త గిబ్బన్స్ అయితే హడమార్డ్, మీనాక్షిసుందరం, డివిట్ పేర్ల మొదటి అక్షరాలు కలిపి ఈ గుణకాలకు హమిడ్యూ అని పేరే పెట్టాడు!

ఇదే భావన గ్రాఫ్ సిద్ధాంతంలోనూ ఉంది. గ్రాఫులో చర్మానికి బదులు శీర్షాలు, వాటిని కలిపే అంచులు ఉంటాయి. లాప్లాస్ పరికర్త ఒక సాంత మాత్రిక అవుతుంది, వేడి ఒక శీర్షం నుండి పొరుగు శీర్షానికి ప్రవహిస్తుంది. వేర్వేరు గ్రాఫుల మాత్రికలకు ఒకే ఐగెన్ విలువలు ఉండవచ్చునని కొలాట్స్, సినోగోవిట్స్ 1957లోనే చూపారు. కాట్స్ ప్రశ్న వెలువడిన సంవత్సరమే మైకేల్ ఫిషర్ డప్పును గ్రాఫుగా భావించి పరిశీలించాడు. తలంలోని డప్పుల విషయంలో మాత్రం సమాధానం 1992 వరకు ఆగింది. ఆకారం చెప్పలేమని గోర్డన్, వెబ్, వోల్పర్ట్ నిరూపించారు. గ్రాఫులపై ఉష్ణ ప్రవాహం 1997లో వచ్చిన ఫాన్ చుంగ్ గ్రంథంలో ఒక అధ్యాయమే అయింది.

రచయితల పేర్లే ఫలితానికి పేరు కావడం వలన, మూల వ్యాసాన్ని ఉదహరించకుండానే దానిని వాడుకోవడం పరిపాటి. అందుచేత కేవలం ఉల్లేఖనల లెక్కతో ఈయన ప్రభావాన్ని కొలవడం సరికాదు.

గ్రంథం

మచిలీపట్నంలో జన్మించిన కొమరవోలు చంద్రశేఖరన్‌తో కలసి రాసిన "టిపికల్ మీన్స్" 1952లో వెలువడింది. తొలినాటి ఆసక్తి అయిన శ్రేణుల సంకలనీయతే ఇందులోని విషయం.