ఒక్క ఓటుతో పదవిని పోగొట్టుకున్న జార్జి మైకేల్స్

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్ర చరిత్రలో ఒకే ఒక్క ఓటుతో చిరస్మరణీయులైన శాసనసభ్యులు జార్జి మైకేల్స్. 1910లో జన్మించిన ఆయన ఆబర్న్ పట్టణంలో న్యాయవాదిగా స్థిరపడి, డెమొక్రాటిక్ పార్టీ పక్షాన శాసనసభకు ఎన్నికయ్యారు. ఆయన యూదు మతస్థులు. నియోజకవర్గంలో అధికసంఖ్యాకులు కాథలిక్కులు. గర్భస్రావాన్ని వారి మతం అంగీకరించదు.

ఆ కాలంలో న్యూయార్క్‌లో తల్లి ప్రాణం కాపాడటానికి తప్ప గర్భస్రావం చేయడం నేరం. ఆ శాసనం 19వ శతాబ్దం నాటిది. డబ్బున్నవారు విదేశాలకు వెళ్లేవారు. పేద స్త్రీలు అర్హత లేనివారిని రహస్యంగా ఆశ్రయించి ప్రాణాల మీదికి తెచ్చుకునేవారు. 24 వారాల లోపు స్త్రీ సమ్మతితో వైద్యుడు గర్భస్రావం చేయవచ్చునన్న బిల్లు 1970లో సభ ముందుకు వచ్చింది. మైకేల్స్ ఓటర్ల అభిమతాన్ని మన్నించి వ్యతిరేకంగా ఓటు వేశారు. ఇంట్లో కన్నకొడుకులే ఆయనను నిలదీశారు.

1970 ఏప్రిల్ 9న, 150 స్థానాల సభలో 76 ఓట్లు అవసరం కాగా 74 మాత్రమే పడ్డాయి. ఫలితం ప్రకటించబోయే తరుణంలో మైకేల్స్ లేచి నిలిచారు. తన రాజకీయ జీవితం ఇంతటితో ముగుస్తుందని ఎరిగి కూడా, కన్నీటితో తన ఓటు మార్చుకున్నారు. సభాపతి పెర్రీ డ్యూరియా తన ఓటును జోడించడంతో బిల్లు నెగ్గింది. గవర్నర్ నెల్సన్ రాక్‌ఫెల్లర్ సంతకంతో జూలై 1 నుండి అమలులోకి వచ్చింది. ఇతర రాష్ట్రాల స్త్రీలు సైతం వేల సంఖ్యలో న్యూయార్క్ చేరుకున్నారు.

మైకేల్స్ భయపడినదే జరిగింది. ఆ వేసవిలోనే పార్టీ అభ్యర్థిత్వ ఎన్నికలో ఓడిపోయారు. తరువాత ఎన్నికైన శాసనసభ 1972లో ఆ చట్టాన్ని రద్దు చేయబూనగా, రాక్‌ఫెల్లర్ వీటోతో అది నిలిచింది. అక్కడ గవర్నరును కూడా ప్రజలే ఎన్నుకుంటారు. 1973లో సుప్రీంకోర్టు ఈ హక్కును దేశమంతటికీ వర్తింపజేసింది. మైకేల్స్ 1992లో కన్నుమూశారు.

2022లో అదే న్యాయస్థానం పూర్వపు తీర్పును కొట్టివేసి, నిర్ణయాన్ని మరల రాష్ట్రాలకే విడిచిపెట్టింది. 2024లో న్యూయార్క్ ఓటర్లు తమ రాష్ట్ర రాజ్యాంగంలోనే రక్షణ కల్పించుకున్నారు. మన దేశంలో 1971లో పార్లమెంటే చట్టం చేసింది గనుక ఈ విషయం రాష్ట్ర ఎన్నికల మీద ఆధారపడలేదు. అక్కడ మాత్రం ఒక స్త్రీకి లభించే వైద్యం ఆమె ఏ రాష్ట్రంలో ఉన్నది, అక్కడ ఎవరు గెలిచారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. మైకేల్స్ జీవితం చాటేది ఈ సత్యాన్నే.