తాయిఫ్ తోటలో చేసిన దుఆ

దెబ్బ తిన్నవానికి దెబ్బ నొప్పి ఒకటైతే, అది చూసి పగవాడు నవ్వే నవ్వు మరొక నొప్పి. వ్యాపారం మునిగినా, పిల్లవాడు పరీక్ష తప్పినా, కుదిరిన సంబంధం తప్పిపోయినా మనకు ముందుగా తోచేది నష్టం కాదు, నలుగురిలో తల ఎలా ఎత్తుకోవాలా అన్న బెంగే గదా! మన ప్రవక్త ముహమ్మద్ (స) గారు శత్రువుల ఎగతాళి నుండి కాపాడమని అల్లాహ్‌ను వేడుకొనేవారని హదీసులలో ఉంది. ఆ బాధ ఎట్టిదో ఆయనకు తెలియనిది కాదు.

ఆయన సుమారు 570వ సంవత్సరంలో మక్కాలో జన్మించారు. పుట్టకముందే తండ్రి, ఆరో ఏట తల్లి, ఎనిమిదో ఏట తాత పోయారు. పినతండ్రి అబూతాలిబ్ పెంచి పెద్దచేశారు. 610లో హిరా గుహలో దివ్యవాణి అవతరించిన నాటి నుండి ఖురైషీలు పగబట్టారు. పసితనంలోనే కొడుకులు చనిపోతే, ఇక ఈయన వంశం తెగిపోయిందని సంతోషించినవారు కూడా ఉన్నారు. కౌసర్ సూరా ఆ సందర్భంలోనే అవతరించిందని పెద్దలు చెబుతారు.

619లో హజ్రత్ ఖదీజా (రజి), అబూతాలిబ్ ఇద్దరూ కొద్దికాలం తేడాలో కన్నుమూశారు. ఇంట్లో ఓదార్పు పోయింది, బయట అండ పోయింది. అప్పుడు ప్రవక్త (స) జైద్ (రజి)ను వెంటబెట్టుకొని తాయిఫ్‌కు బయలుదేరారు. అది కొండమీది ఊరు, ద్రాక్షతోటల ఊరు. అక్కడి సఖీఫ్ తెగ పెద్దలైన ముగ్గురు అన్నదమ్ములను కలుసుకొని ధర్మాన్ని బోధించారు. వారు వినలేదు సరికదా, వేళాకోళం చేశారు.

ఆయన ఒక్కటే కోరారు. మీరు ఒప్పుకోకపోతే పోనీయండి, ఈ సంగతి మక్కాకు పొక్కనీయకండి అని. తెలిస్తే అక్కడివారు మరింత రెచ్చిపోతారని ఆయనకు తెలుసు. కానీ వారు ఆ పాటి మర్యాద కూడా పాటించలేదు. అల్లరిమూకను ఉసిగొల్పారు. రాళ్ళ దెబ్బలకు ఆయన కాళ్ళు రక్తసిక్తమయ్యాయి. అడ్డం నిలిచిన జైద్ (రజి)కు తల పగిలింది.

చివరికి ఒక ద్రాక్షతోటలో చెట్టునీడన కూర్చున్నారు. ఆ తోట ఎవరిది? మక్కాలో ఆయనకు విరోధులైన ఉత్బా, షైబా అనే అన్నదమ్ములది. వారు అక్కడే ఉండి అంతా చూశారు. అలాంటి చోట, అలాంటి స్థితిలో ఆయన దుఆ చేశారు. అందులో శాపం లేదు. తన బలహీనతనూ, జనం దృష్టిలో తాను చులకన కావడాన్నీ ప్రభువుకే మొరపెట్టుకొన్నారు. ఆయన ఆగ్రహం తనపై లేకపోతే చాలు, ఈ బాధలను లెక్కచేయనన్నారు. ఆ విరోధుల మనసే కరిగి, తమ బానిస అద్దాస్ చేత ద్రాక్షగుత్తి పంపించారు.

తిరిగి మక్కాలో అడుగుపెట్టాలంటే ఒకరి రక్షణ కావలసి వచ్చింది. ముస్లిం కాని ముత్‌యిమ్ బిన్ అదీ ఆ అభయం ఇచ్చాడు. 624లో బద్ర్ యుద్ధం తరువాత కూడా ప్రవక్త (స) ఆ మేలును తలచుకొన్నారు. అతడు బ్రతికి ఉండి అడిగితే ఖైదీలను వదిలేసి ఉండేవాడినన్నారు. తనను చూసి నవ్వినవారిపై పగ పెట్టుకోలేదు గాని, ఆదుకొన్నవానిని మాత్రం మరువలేదు.

622లో మదీనాకు వలస వెళ్ళారు. 625లో ఉహద్‌లో దెబ్బ తగిలినప్పుడు శత్రువులు మళ్ళీ విర్రవీగారు. 630లో మక్కా చేతికి వచ్చినప్పుడు, అదే శత్రువులను క్షమించి వదిలేశారు. ఆ ఏడే తాయిఫ్‌ను ముట్టడించి, కోట లొంగక వెనుదిరిగారు. సఖీఫ్‌ను శపించమని సహచరులు అడిగితే, వారికి సన్మార్గం చూపమని దుఆ చేశారు. మరుసటి ఏడు సఖీఫ్ ప్రతినిధులు తమంతట తామే మదీనాకు వచ్చి ఇస్లాం స్వీకరించారు. 632లో ప్రవక్త (స) పరమపదించారు.

సోదరులారా! మన ఓటమి చూసి నవ్వేవారు ఎప్పుడూ ఉంటారు. వారి నాశనం కోరుతూ రాత్రులు గడిపితే మన నమాజే పాడవుతుంది. మన బలహీనతను అల్లాహ్ ముందు ఒప్పుకొందాం, రేపటి పనికి లేచి పోదాం. మనలో ఎవరైనా పడిపోతే నవ్వేవారిలో మనం చేరకుండా ఉందాం. ఒక ద్రాక్షగుత్తి అయినా పంపిద్దాం. అల్లాహ్ మనందరికీ ఆ బుద్ధి ప్రసాదించుగాక. ఆమీన్.