తెఱ కెక్కని చెన్నపురి వర్తకుడు

1846వ సంవత్సరమున తెలుగువారిలో ఇద్దఱు పురుషులు కుంపిణీ ప్రభుత్వమున కెదురు నిలిచిరి. ఒకరు రేనాటి పాలెగారు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. ఆయన కత్తి దూసి, కోయిలకుంట్ల ఖజానాపై బడి, 1847 ఫిబ్రవరి 22వ తేదీన ఉరికంబ మెక్కెను. రెండవవారు చెన్నపట్టణమున వర్తకము చేసికొనుచుండిన గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు. ఆయన చేత కత్తి లేదు. రెండేండ్ల క్రిందట తాను స్థాపించిన పత్రిక యొకటి మాత్రము కలదు. మొదటివారి కథను 2019లో విస్తారముగ ధనము వెచ్చించి చలనచిత్రముగా తీసిరి. జనులు తండోపతండములుగ పోయి చూచిరి. రెండవవారిని గూర్చి అట్టి చిత్ర మొకటి వచ్చినట్లు మే మెఱుగము.

మన చిత్రనిర్మాతలకు చరిత్రయం దాదరము లేదని నిందించుట న్యాయము కాదు. బొబ్బిలియుద్ధము, అల్లూరి సీతారామరాజు, అన్నమయ్య, రుద్రమదేవి మొదలగు చిత్రములు తెలుగుప్రేక్షకులకు పరిచితములే. అయినను ఎంపికలో నొక వాడుక పాతుకొనినది. కథానాయకుడు గుఱ్ఱమెక్కి కత్తి త్రిప్పవలెను. లేదా తంబురా మీటుచు దేవుని కీర్తింపవలెను. అర్జీలు వ్రాయువాడును, సభలు చేయువాడును, లెక్కలు తీసి ప్రభుత్వమును బోనులో నిలువబెట్టువాడును తెఱకు తగరని మనవా రనుకొనుచున్నట్లున్నది. 1939లో గూడవల్లి రామబ్రహ్మముగారు రైతుబిడ్డ చిత్రమును తీసినప్పుడు శిస్తులును కచ్చేరులును కూడ తెఱమీద జనుల గుండెలను కదలించునని ఋజువైనది. ఆ చిత్రము జమీందారుల కోపమునకు గురియైన సంగతియు పెద్దలకు తెలిసినదే. లక్ష్మీనరసుగారి జీవితము ఆ త్రోవకు చెందినది.

ఆయన 1806లో చెన్నపట్టణమున కోమటి కుటుంబమున జన్మించెను. తండ్రి సిద్ధులు శెట్టిగారు నీలిమందు వర్తకులలో పేరుపడినవారు. కుమారుడు ఆ వ్యాపారమును నేర్చి, పెంచి, గణనీయమైన ధనము గడించెను. ఆనాటి పట్టణములో ధనికుడైన వర్తకుడు చేయదగిన పనులు అందఱికిని తెలిసినవే: కోవెలకు దానములు, దొరల దర్శనములు, కోట చుట్టు కంట్రాక్టులు. లక్ష్మీనరసుగారు ఆ త్రోవన పోయిన ఆయనకు సుఖముగ జరిగెడిది. 1844 అక్టోబరు 2వ తేదీన ఆయన క్రెసెంటు, అనగా నెలవంక, అను ఇంగ్లీషు పత్రికను ప్రారంభించెను. హార్లీ యను ఆంగ్లేయుని దానికి సంపాదకునిగా నియమించెను. హిందువుల స్థితిని బాగుచేయుట దాని యుద్దేశమని ప్రకటించెను. పత్రికను గూర్చిన ప్రకటనను వేయుటకు కోటలోని సర్కారు గెజెటు నిరాకరించెను. తొలినాడే ప్రభుత్వము మొగము త్రిప్పుకొనినదని దీనినిబట్టి తెలియవచ్చును.

అప్పుడు గవర్నరుగా నుండినవాడు ట్వీడ్డేలు ప్రభువు. సర్కారు పాఠశాలలలో బైబిలును పాఠ్యగ్రంథముగా ప్రవేశపెట్టవలెనని 1846లో ఆయన ప్రతిపాదించెను. ఆ అక్టోబరునెలలో, అనగా రేనాటిలో నరసింహారెడ్డికొఱకు సైనికులు కొండలు గాలించిన దినములకు సమీపముననే, చెన్నపురి హిందువులు మహాసభ చేసిరి. దానికి లక్ష్మీనరసుగారే అగ్రాసనాధిపతి. సభవారి మనవి సీమలోని డైరెక్టర్లకు చేరెను. గవర్నరు ప్రతిపాదనను వారు అంగీకరింపరైరి. దీనికి పూర్వమే మతము మార్చుకొనినవానికి పిత్రార్జితమున హక్కు పోరాదను చట్టపు చిత్తు బయలుదేరినప్పుడును శెట్టిగారు దాని నెదిరించిరి. అది 1850లో చట్టమైనది. ఈ విషయమున నేటి పాఠకులలో అనేకులు ఆయనతో నేకీభవింపరు. మతము మారినంతమాత్రమున ఆస్తి పోగొట్టుట న్యాయమని మేమును చెప్పజాలము. చిత్రము తీయువారు దీనిని దాచరాదు. దోషము లేని నాయకుడు బొమ్మవలె నుండును గాని మనుష్యునివలె నుండడు.

ఇక ఈ జీవితమునకు నడిబొడ్డైన ఘట్టము. ఇది కర్షకులదే గనుక కొంత విస్తరించి వ్రాయవలసియున్నది.

రైత్వారీ పద్ధతిలో రైతునకును ప్రభుత్వమునకును నడుమ జమీందారు లేడు, నిజమే. కాని తహసీలుదారు కలడు, వాని క్రింద బంట్రోతులు కలరు. శిస్తు హెచ్చు, పండినను పండకున్నను కిస్తునాటికి చెల్లవలెను. 1833 నాటి డొక్కల కఱవులో గుంటూరు జిల్లా జనులలో మూడింట నొక వంతునకు పైగా నశించిరన్న, ఆ భూములను దున్నువారి ఓపిక యెంతటిదో ఊహింపవచ్చును. కిస్తు చెల్లనినాడు ఏమి జరుగుచుండెనో పట్టణమున కొందఱకే తెలియును. పల్లెలో పసిబిడ్డలకును తెలియును. బాకీదారుని మండుటెండలో నిలువబెట్టుదురు. అన్నమునకు పోనీయరు. వంగదీసి కాళ్లకు మెడ కట్టి వీపున రాయి పెట్టుదురు. రెండు కఱ్ఱల నొకకొన ముడివేసి నడుమ వ్రేళ్లుంచి నొక్కుదురు. దీనిని అఱవదేశమున కిట్టి యనియు తెలుగుజిల్లాలలో చిరత యనియు అందురు. ఇద్దఱు బాకీదారుల జుట్టు జుట్టుతో ముడివేయుదురు. ఎముకల దండ మెడను వేయుదురు. పశువులను కొట్టములో మూసి మేతకు విడువరు. బంట్రోతును ఇంటిముందు కూర్చుండబెట్టి, వాని దినబత్తెము కూడ ఆ రైతునుండియే గుంజుదురు. బాకీ కొన్ని రూపాయలే కావచ్చును. రైతు పోగొట్టుకొనునది ఊరిలో తలయెత్తుకొని తిరుగు మర్యాద. ఈ హింస వేఱొక లోతును కూడ కలది: కొట్టువాడును కొట్టబడువాడును ఒకే భాష మాటలాడువారు. పన్ను నిర్ణయించినది దొరలు. చిరత నొక్కిన చేయి మనవారిది.

లక్ష్మీనరసుగారు 1852లో చెన్నపట్టణ స్వదేశీయుల సంఘమును స్థాపించెను. కలకత్తా సంఘమునకు శాఖగా మొదలై అది త్వరలోనే స్వతంత్రమైనది. కంపెనీ అధికారపత్రమును పార్లమెంటు తిరుగ మంజూరు చేయనున్న సమయ మది. సంఘమువారు భూమిశిస్తు భారమును, న్యాయస్థానముల యాలస్యమును, ఉద్యోగుల దౌర్జన్యమును వివరించి సుదీర్ఘమైన మనవిని పార్లమెంటునకు పంపిరి. మనవి చదువబడెను, 1853లో కంపెనీకి అధికారము మరల దొరకెను. అర్జీల వలన పని కాదని మఱియొకడైన విడిచిపెట్టియుండును.

శెట్టిగారు మాత్రము చూపించు త్రోవ వెదకెను. 1853లో హెన్రీ డాన్బీ సేమూరు అను పార్లమెంటు సభ్యుడు చెన్నపట్టణమునకు వచ్చెను. పట్టణములో ఆతిథ్య మిచ్చి, పూలదండ వేసి, ఓడ యెక్కించుట సులభము. లక్ష్మీనరసుగారు ఆయనకు పల్లెలను చూపించు నేర్పాటులు చేసెను. రైతుల నోటనే రైతుల బాధలను వినిపించెను. ఈ ప్రయాణమును మించిన చిత్రఘట్టము వేఱొకటి యుండునా? ఒకవైపు దేశభాష తెలియని దొర. ఒకవైపు నోరు తెఱచిన మఱునాడు కచ్చేరికి పోవలసియున్న రైతు. నడుమ తన వర్తకమును పక్కకు పెట్టి వచ్చిన కోమటి. సేమూరు విని మఱచిపోయెడివాడు కాడు. 1854 జూలైలో కామన్సుసభలో చెన్నరాజధాని భూమి పద్ధతిపై చర్చ జరిగినప్పుడు ఈ హింసల ప్రస్తావన వచ్చెను. కంపెనీ పక్షమువారు ఇట్టిది జరుగనేరదనిరి. అట్లైన విచారింపుడని పట్టుబట్టుట తప్ప వేఱు దారి లేకపోయెను.

1854 సెప్టెంబరులో చెన్నపట్టణ ప్రభుత్వము విచారణసంఘమును నియమించెను. ఇలియట్టు, స్టోక్సు, జాన్ బ్రూస్ నార్టను అనువారు సభ్యులు. నార్టను న్యాయవాది, ప్రజలపక్షమున మాటలాడువాడు. సంఘము పనిచేసినది కొలదినెలలు మాత్రమే. అయినను 519 మంది స్వయముగ వచ్చి ఫిర్యాదు చెప్పిరి. 1,440 మంది వ్రాతమూలమున తెలిపిరి. మొత్తము 1,959. నాడు ఇనుపదారి లేదు. వందల మైళ్ల దూరమునుండి జనులు కాళ్లీడ్చుకొని పట్టణమునకు వచ్చిరి. వ్రేళ్లు వంకరపోయినవాడు కడలియొడ్డున తెల్లదొరల బల్లముందు నిలిచి చేయి చాపి చూపించుట. గుమాస్తా దానిని ఇంగ్లీషులోనికి దించి వ్రాయుట. ఇందులో కత్తి లేదు, గుఱ్ఱము లేదు. దర్శకునకు రసదృష్టి యున్నచో ప్రేక్షకుడు ఈ ఘట్టమున కన్ను మూయడు.

1855 ఏప్రిలులో నివేదిక వెలువడెను. శిస్తు వసూలుకొఱకు హింస జరుగుచున్నమాట నిజమే యని దొరలే వ్రాసిరి. పోలీసు పనియు శిస్తు పనియు ఒకే చేతిలో నుండరాదనిరి. యూరపియను ఉద్యోగుల కిందులో అనుమతి యున్నదని మాత్రము వారు అంగీకరింపలేదు. ఈ తీర్పులో సగము నిజమును సగము మొగమాటమును ఉన్నవని మా యభిప్రాయము. శిస్తు తగ్గింపక బంట్రోతును దండించిన, చెట్టును విడిచి ఆకులు కోసినట్లే. అయినను ఫలితములు కలిగినవి. ఆ 1855లోనే భూముల కొలతకును శిస్తుల పునర్నిర్ణయమునకును ప్రభుత్వము పూనుకొనెను. 1859 చట్టముచే పోలీసు శాఖ వేఱుపడెను. తహసీలు కచ్చేరిలో దండించు అధికారము చాలవఱకు తొలగెను.

అదే సమయమున శెట్టిగారు కంపెనీ పాలనమే పోవలెననియు, దేశమును పార్లమెంటే నేరుగ పాలింపవలెననియు 14,000 మంది సంతకములతో మఱియొక మనవిని పంపించెను. 1858లో ఆ మార్పు జరిగినది. దానికి కారణము 1857 నాటి ఉత్తరదేశపు తిరుగుబాటు గాని సంతకములు కావు. పాలకుడు మారిన పాలనము మారునని నమ్మిన తరమువా రాయన. ఆ నమ్మిక యెంతవఱకు సఫలమయ్యెనో తరువాతి చరిత్ర యెఱుగును.

కడపటి దినములను గూర్చి క్లుప్తముగనే చెప్పవచ్చును. ప్రభుత్వము ఆయనకు స్టార్ ఆఫ్ ఇండియా బిరుద మిచ్చెను. 1863లో శాసనసభకు నియమించెను. ఒకప్పుడు తన ప్రకటనను అచ్చువేయనన్న సర్కారు సభలో ఇప్పుడు ఆసనము దొరకెను. కాని అప్పటికి క్రెసెంటు మూతపడియుండెను. పత్రికకును సంఘమునకును మనవులకును సీమకు పంపిన కాగితములకును ధనము కావలెను. అది యెవరి పెట్టెనుండి పోయెనో వేఱుగ చెప్పనక్కఱలేదు. తండ్రి యిచ్చినదియు తాను గడించినదియు కరగిపోయినవి. సంఘమును నడుపువారు తగ్గిరి. 1868లో లక్ష్మీనరసు శెట్టిగారు మరణించునాటికి, చెన్నపురి వర్తకులలో ముందువరుసను నిలిచిన ఆయన యింట సొత్తు మిగులలేదు.

ఈ కథను ఎవరైన తీయదలచినచో తొలిదృశ్యము పట్టణములో పెట్టరాదని మా మనవి. తెల్లవాఱుజామున పల్లెలో కొట్టపు తలుపు మూసియుండవలెను; లోపల ఆకలిగొన్న ఎద్దు అఱచుచుండవలెను; అరుగుమీద బంట్రోతు బత్తెముకొఱకు కూర్చుండియుండవలెను. చెన్నపట్టణపు వర్తకుడు ఆ యింటికి ఇంకను చాల దూరములో నున్నాడు.