కరెంటు మంటతో లోహాన్ని పోత పోసిన స్లావ్యానోవ్

మా స్కూల్ ల్యాబ్‌లోని 3డి ప్రింటర్‌లో ప్లాస్టిక్ తీగ కరిగి, పొర మీద పొర పడి, ఒక వస్తువు తయారవుతుంది. ఆ ప్లాస్టిక్ తీగ స్థానంలో లోహపు తీగను, దాన్ని కరిగించే వేడి ముక్కు స్థానంలో వెల్డింగ్ షాపుల్లో కళ్లు మిరుమిట్లు గొలిపే ఎలక్ట్రిక్ ఆర్క్‌ను ఊహించుకోండి. ఈ రోజుల్లో ఓడల ప్రొపెల్లర్లు కూడా ఇలా తయారు చేస్తున్నారు. లోహపు కడ్డీనే ఆర్క్‌తో కరిగించి కావలసిన చోట పోయడం అనే ఆలోచన మాత్రం 1888 నాటిది. దాన్ని ఆచరణలో పెట్టిన రష్యన్ ఇంజనీరు నికొలాయ్ గవ్రీలొవిచ్ స్లావ్యానోవ్ జీవితాన్ని ఇక్కడ చెప్పాలనుకుంటున్నాం.

ఆయన 1854లో రష్యాలోని నికోల్స్కొయె అనే పల్లెలో పుట్టారు. వొరోనెజ్‌లో చదువుకుని, ఆ తర్వాత సెయింట్ పీటర్స్‌బర్గ్ గనుల విద్యాసంస్థలో 1877లో ఇంజనీరు పట్టా పొందారు. కొన్నేళ్లు వేరే కర్మాగారాల్లో పనిచేసి, 1883 చివర్లో పెర్మ్ ఫిరంగుల ఫ్యాక్టరీలో చేరారు. ఉరల్ ప్రాంతంలో, కామా నది ఒడ్డున, మొతొవిలిఖా అనే చోట ఉంది ఆ ఫ్యాక్టరీ. చనిపోయే దాకా ఆయన అక్కడే ఉన్నారు. చివరికి ఆ ఫ్యాక్టరీకి అధిపతి అయ్యారు కూడా.

అక్కడ ఉన్నవన్నీ భారీ యంత్రాలు. 50 టన్నుల ఆవిరి సుత్తి దెబ్బలతో ఉక్కు దిమ్మలను సాగగొట్టేవారు. అలాంటి చోట ఒక పళ్ల చక్రంలో పన్ను విరిగినా, ఒక ఇరుసు చీలినా అది చిన్న విషయం కాదు. విరిగిన పోత ఇనుము సుత్తి దెబ్బలకు అతకదు, ఇంకా ముక్కలవుతుంది. కాబట్టి మొత్తం భాగాన్ని కరిగించి, కొత్తగా మూస కట్టి, మళ్లీ పోత పోయాలి. అన్ని రోజులూ ఆ యంత్రం ఖాళీగా పడి ఉండాల్సిందే. వేళ్లంత పన్ను కోసం బండెడు లోహాన్ని ఎందుకు కరిగించాలి? పోయిన చోట మాత్రమే లోహం పోస్తే చాలదా? స్లావ్యానోవ్ పట్టుకున్న ప్రశ్న ఇదేనని మాకు అనిపిస్తుంది.

ఎలక్ట్రిక్ ఆర్క్ అప్పటికే తెలిసిన సంగతి. రష్యాలో వసీలీ పెత్రోవ్ 1802లోనే దాన్ని చూశారు. 1880 దశకం మొదట్లో నికొలాయ్ బెనార్డోస్ బొగ్గు కడ్డీతో ఆర్క్ రగిలించి ఇనుమును అతికించారు. ఆయన పద్ధతిలో బొగ్గు కడ్డీ వేడిని మాత్రమే ఇస్తుంది, నింపడానికి లోహం కావాలంటే వేరే కడ్డీని పక్కనుంచి అందించాలి. స్లావ్యానోవ్ ఆ బొగ్గును తీసేసి, లోహపు కడ్డీకే కరెంటు ఇచ్చారు. ఇప్పుడు మంట పుట్టించేదీ అదే, కరిగి బొట్లుబొట్లుగా కింద పడేదీ అదే.

వినడానికి చిన్న మార్పే. చిక్కంతా చేయడంలో ఉంది. కడ్డీ కరిగే కొద్దీ పొట్టిదవుతుంది, దానికీ వస్తువుకీ మధ్య ఎడం పెరిగి ఆర్క్ ఆరిపోతుంది. అందుకే కడ్డీని అదే వేగంతో కిందికి దింపే యంత్రాన్ని ఆయన తయారు చేశారు. అంతకుముందు ఫ్యాక్టరీలో ఆర్క్ దీపాలు అమర్చిన అనుభవం ఇక్కడ పనికొచ్చింది, వాటికీ ఇదే బాధ. బ్యాటరీల మీద ఆధారపడకుండా 1000 ఆంపియర్ల కరెంటు ఇచ్చే డైనమోను తనే రూపొందించారు. వేడి లోహానికి గాలి తగిలితే అతుకు పెళుసుబారుతుంది కనుక, గాజు పొడి, కొలిమి చిట్టెం లాంటివి వేసి కరిగిన లోహం మీద కప్పుగా ఏర్పడేలా చేశారు. భాగాన్ని ముందే వేడి చేసేవారు. లోహం పక్కలకు కారిపోకుండా చుట్టూ చిన్న గట్టు కట్టేవారు. నేటి వెల్డింగ్ పుస్తకం తెరిస్తే వీటిలో చాలా భాగం వేరే పేర్లతో కనిపిస్తుంది.

1888లో ఒక ఆవిరి యంత్రం క్రాంక్ షాఫ్ట్‌ను ఈ పద్ధతిలో బాగుచేసి చూపించారు. ఆ తర్వాత రష్యాలోనూ, మరికొన్ని దేశాల్లోనూ పేటెంట్లు వచ్చాయి. కొన్నేళ్లలోనే ఆ ఫ్యాక్టరీలో 1,600కు పైగా విరిగిన, లోపమున్న వస్తువులు మళ్లీ పనిలోకి వచ్చాయి. 1892లో తన పద్ధతి గురించి ఒక పుస్తకం అచ్చువేశారు. తన పనికి ఆయన పెట్టుకున్న పేరు అతుకు కాదు, లోహాల ఎలక్ట్రిక్ పోత. ఈ పేరు దగ్గర మేము కాసేపు ఆగాం. అతికించేవాడికి రెండు ముక్కలు కావాలి. పోత పోసేవాడు లేని ముక్కను కూడా తయారు చేయగలడు.

ఇనుముకు తప్ప ఈ పద్ధతి పనికిరాదేమో అన్న అనుమానానికి ఆయన ఇచ్చిన జవాబు ఒక గ్లాసు. పన్నెండు పలకలు, 21 సెంటీమీటర్ల ఎత్తు, అయిదు కిలోలకు పైగా బరువు. గంటల కంచు, రాగి పాలు ఎక్కువున్న ఇత్తడి, నికెల్, ఉక్కు, పోత ఇనుము, రాగి, జర్మన్ సిల్వర్, మామూలు కంచు అన్నీ అందులో ఒకదాని మీద ఒకటి ఆర్క్‌తో పోసినవే. ఒక్కో లోహం ఒక్కో వేడికి కరుగుతుంది, చల్లారేటప్పుడు ఒక్కో తీరుగా ముడుచుకుంటుంది. అవి విడిపోకుండా కలిసి నిలవడం ఈ రోజు వెల్డర్‌కు కూడా సులువు కాదు. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో దానికి బంగారు పతకం వచ్చింది.

గ్లాసుకు పలకలు తెచ్చింది మాత్రం ఆర్క్ కాదు, ఆ తర్వాత చెక్కిన పనిముట్లు. ఇప్పటికీ అంతే. ఆర్క్‌తో పేర్చిన భాగం గరుకుగా, గాడులు గాడులుగా వస్తుంది, పైన యంత్రంతో చెక్కి నునుపు చేయాల్సిందే.

స్లావ్యానోవ్ 1897లో, 43 ఏళ్ల వయసులో, మొతొవిలిఖాలోనే కన్నుమూశారు. పొరలు పేర్చి కొత్త వస్తువునే తయారు చేసే దారిలో అమెరికాలో రాల్ఫ్ బేకర్ 1920లో పేటెంటుకు దరఖాస్తు చేశారు. అది అలంకరణ వస్తువుల కోసం. కడ్డీ స్థానంలో చుట్ట నుంచి వచ్చే తీగ, మనిషి చేతి స్థానంలో కంప్యూటర్ నడిపే రోబో చేయి వచ్చాక పెద్ద భాగాలు సాధ్యమయ్యాయి. 2017లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో 1.35 మీటర్ల వ్యాసమున్న ఓడ ప్రొపెల్లర్‌ను 298 పొరలుగా పోశారు. వాడిన లోహం నికెల్, అల్యూమినియం కలిసిన కంచు. 2021లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక కాలువ మీద ఇలాగే చేసిన 12 మీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు వంతెన తెరిచారు.

పెర్మ్‌లో ఆయన నివసించిన ఇల్లు ఇప్పుడు మ్యూజియంగా ఉంది.