కుస్తో మారిన కథ

స్కూబా డైవింగ్ రీల్స్ మనమందరం చూస్తూనే ఉంటాం. వీపుకి సిలిండర్, నోట్లో గొట్టం, చుట్టూ రంగురంగుల చేపలు. ఆ పరికరం వెనకున్న మనిషి పేరు మాత్రం నాకు ఈమధ్యే తెలిసింది. ఆయన జాక్ ఈవ్ కుస్తో.

1910లో ఫ్రాన్స్‌లో, బోర్డో దగ్గర ఒక చిన్న ఊళ్లో పుట్టాడు. నేవీలో చేరి పైలట్ అవుదామనుకున్నాడు. కారు ప్రమాదంలో చేతులు విరిగి ఆ కల పోయింది. చేతులకి మళ్ళీ బలం రావడానికి ఈత మొదలుపెట్టాడు. 1936లో ఒక స్నేహితుడిచ్చిన ఈత కళ్లద్దాలతో సముద్రం లోపలికి చూశాడు. అంతే, ఇక బయటికి రాబుద్ధి కాలేదు.

సమస్యల్లా ఊపిరితోనే. ప్రతి 10 మీటర్ల లోతుకీ సుమారు ఒక అట్మాస్ఫియర్ ఒత్తిడి పెరుగుతుంది. కాబట్టి గాలి కూడా అదే ఒత్తిడితో, పీల్చినప్పుడు మాత్రమే రావాలి. యుద్ధం రోజుల్లో పెట్రోల్ దొరక్క కార్లని గ్యాస్‌తో నడిపేవాళ్ళు. అలాంటి కార్ల కోసం ఎమిల్ గాన్యాన్ అనే ఇంజనీర్ తయారుచేస్తున్న వాల్వ్‌నే ఇద్దరూ కలిసి డైవింగ్‌కి పనికొచ్చేలా మార్చారు.

మార్న్ నదిలో టెస్ట్ చేస్తే, పడుకుని ఈదినప్పుడు బాగానే పనిచేసింది. నిలువుగా ఉంటే గాలి వృథాగా పోయింది. తలకిందులైతే పీల్చడమే కష్టమైంది. గాలి ఇచ్చే చోటు, వదిలిన గాలి పోయే చోటు వేర్వేరు ఎత్తుల్లో ఉండటమే కారణం. రెండిటినీ పక్కపక్కన పెట్టారు, బగ్ పోయింది! 1943 వేసవిలో కుస్తో మధ్యధరా సముద్రంలో చేపలా తిరిగాడు.

తర్వాత కాలిప్సో అనే పాత మైన్‌స్వీపర్ ఓడని పరిశోధన నౌకగా మార్చి ప్రపంచం చుట్టాడు. సీషెల్స్‌లోని అజంప్షన్ అనే చిన్న పగడపు దీవి దగ్గర ఒక పెద్ద గ్రూపర్ చేప వీళ్ళకి మచ్చికైంది. షూటింగ్‌కి అడ్డొస్తోందని దాన్ని కొన్నాళ్ళు షార్క్ కేజ్‌లో పెట్టాల్సొచ్చింది! ఆ సినిమా, 'ది సైలెంట్ వరల్డ్', 1956లో కాన్ ఫెస్టివల్‌లో అత్యున్నత బహుమతి గెలిచింది. తర్వాత ఆస్కార్ కూడా వచ్చింది.

కానీ అదే సినిమాలో, ఏ చేపలున్నాయో లెక్కపెట్టడానికి పగడపు దిబ్బ దగ్గర డైనమైట్ పేలుస్తారు. ఓడ తగిలి గాయపడిన తిమింగలం పిల్లని తినడానికి షార్కులు వస్తే, కోపంతో వాటిని పైకి లాగి చంపేస్తారు. ఒక చేపకి ముద్దుగా తిండి పెట్టిన చేతులే ఇవీ చేశాయి. నాకు చాలాసేపు మింగుడుపడలేదు.

కుస్తో అక్కడే ఆగిపోలేదు. 1960లో మధ్యధరా సముద్రంలో అణువ్యర్థాలు పారేయాలనుకుంటే గట్టిగా వ్యతిరేకించాడు. 1973లో సముద్ర రక్షణ కోసం కుస్తో సొసైటీ పెట్టాడు. 1979లో సీప్లేన్ ప్రమాదంలో కొడుకు ఫిలిప్ పోయినా పని ఆపలేదు. అంటార్కిటికాలో గనులు తవ్వకూడదని ముసలితనంలో కూడా పోరాడాడు.

1996లో సింగపూర్‌లో కాలిప్సో మునిగింది. మరుసటి ఏడాది జూన్ 25న ఆయనా వెళ్ళిపోయాడు.

ఆ డైనమైట్ సీన్లు సినిమాలో ఇప్పటికీ ఉన్నాయి. దొరికితే చూడండి. తర్వాత అదే మనిషి ఏం చేశాడో గుర్తుపెట్టుకుని చూడండి.